ఊళ్ళోవాళ్ళు చీకటి దేవుడికి ఏం పెడతారు, ఏం అడుగుతారు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆటలో కొత్తగా డీఎం, అంటే కథ నడిపే మనిషి, పాత్ర తీసుకున్నారు, మీ ప్రపంచంలో ఒక వెండి గనుల ఊరుంది, గని అడుగున చీకటికీ ఆకలికీ దేవుడొకడున్నాడు, ఆయనకో కల్ట్, అంటే రహస్యంగా కొలిచే ముఠా, ఉంది, నల్ల అంగీలు, కత్తులు, నెత్తుటి గిన్నెలు అన్నీ రాసి పెట్టుకున్నారు. తీరా సెషన్‌లో ఒక ప్లేయర్ "ఈ ఊళ్ళో కల్లు అమ్మే ఆవిడ కూడా ఈ దేవుణ్ణి మొక్కుతుందా, మొక్కితే రేపు పొద్దున లేచి ఏం చేస్తుంది" అని అడిగేసరికి మీ దగ్గర జవాబు లేకపోయింది. చాలా మంచి ప్రశ్న అడిగాడండీ ఆ ప్లేయర్, అతన్ని వదులుకోకండి.

నేను 2013 నుంచి బెంగళూరులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నడుపుతున్నా, మారతహళ్ళి దగ్గర మా ఇంట్లోనే, ఆదివారం మధ్యాహ్నాలు, ఆడేవాళ్ళు దాదాపు అందరూ తెలుగువాళ్ళే. ఈ ఒక్క విషయంలో నేను చాలా ఏళ్ళు తప్పు చేశాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు జవాబు చెప్పేస్తా. ఆ కల్లు అమ్మే ఆవిడ ఆ దేవుణ్ణి మొక్కుతుంది, రోజూ మొక్కుతుంది, కానీ ఆవిడ అడిగే కోరిక ఒక్కటే, నా గడప దాటి పో స్వామీ అని. ఇస్తానన్నది ఇచ్చేశాను, నీకూ నాకూ బాకీ లేదు, ఇటు చూడకు అని. మామూలు మనుషులకి భయపెట్టే దేవుడితో ఉండే సంబంధం తొంభై పాళ్ళు ఇంతే. కల్ట్ వాళ్ళు రమ్మని పిలుస్తారు, అందుకే వాళ్ళంటే ఊళ్ళోవాళ్ళకి అంత హడల్. దేవుడు చెడ్డవాడని కాదు, పిలవకూడని వాణ్ణి పిలుస్తున్నారని.

మీది గనుల ఊరు కాబట్టి నిజంగా ఉన్న ఊరితోనే మొదలుపెడతా. బొలీవియాలో పొటోసి అని ఒక ఊరు, దాని పక్కనే సెర్రో రికో అనే కొండ, 1545లో అక్కడ వెండి బయటపడింది, ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. గని లోపల సొరంగాల్లో కొమ్ములున్న మట్టి బొమ్మ ఒకటి కూర్చుని ఉంటుంది, దాన్ని టియో అంటారు. స్పానిష్‌లో టియో అంటే మామ, బాబాయ్ అన్నమాట. పనివాళ్ళు దిగేటప్పుడు ఆ బొమ్మ నోట్లో సిగరెట్ వెలిగించి పెడతారు, కోకా ఆకులు జల్లుతారు, ఘాటైన మందు కాస్త నేల మీద పోసి మిగతాది తాగుతారు, పండగకి లామాని కోసి ఆ నెత్తురు గని ద్వారానికి చల్లుతారు. అదే మనుషులు పైకొచ్చాక చర్చికి వెళ్తారు, పిల్లలకి బాప్టిజం ఇప్పిస్తారు. పైన ఏసు, కింద టియో. వాళ్ళకి ఇందులో తిరకాసు ఏమీ కనపడదు, పైన నేల ఒకరిది, కింద రాయి ఇంకొకరిది, ఎవరి ఇంట్లోకి వెళ్తే వాళ్ళకి దణ్ణం పెట్టాలి కదా. గని అంటే ఏంటో మనకీ తెలియంది కాదు, బెంగళూరు నుంచి కాస్త దూరంలోనే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ ఉంది, మూడు కిలోమీటర్లకి పైగా లోతు, 2001లో మూసేశారు, అక్కడ కింద రాయి ఉన్నట్టుండి పేలి ఎంతమంది పోయారో. అంత లోతుకి రోజూ దిగే మనిషి పైకి ఎక్కే ముందు ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఇవ్వకుండా ఎలా ఉంటాడు.

ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు మా అమ్మమ్మ దగ్గర తెలిసింది, కానీ తెలిసిందని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మా అమ్మమ్మది వెంకటగిరి పక్కన పల్లె. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అక్కడ ఉండగానే ఒళ్ళంతా పొక్కులొచ్చాయి, ఇప్పుడైతే చికెన్ పాక్స్ అంటాం, అప్పుడు ఇంట్లో ఎవరూ జబ్బు అనే మాటే అనలేదు, "అమ్మవారు పోసింది" అన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. తాలింపు వెయ్యడం మానేశారు, నూనె కాగిన వాసన అమ్మకి పడదని. బయటివాళ్ళని లోపలికి రానివ్వలేదు. నన్ను ఎవరూ కసురుకోలేదు, మా తాత అంత కోపిష్టి మనిషి కూడా నా మంచం దగ్గరికొచ్చి "ఏం కావాలమ్మా" అని మెల్లగా అడిగేవాడు, నన్ను కాదు, నాలో ఉన్న ఆవిణ్ణి. పొక్కులు తగ్గాక వేపాకు పసుపు నీళ్ళతో తలకి పోసి, చలిమిడి పెట్టి, పంపించారు. ఎవర్ని పంపించారు అంటే అమ్మవారిని. అతిథి ఇంటికొస్తే ఎలా చూస్తామో అలా చూసి, గౌరవంగా సాగనంపారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పోలేరమ్మ, మారెమ్మ మాకు చీకటి దేవతలు కారు, తల్లులు. వెంకటగిరి జాతరకి నేను ఇప్పటికీ వీలైనప్పుడల్లా వెళ్తా. కానీ భయం, ప్రేమ, మర్యాద, బేరం ఇవన్నీ ఒకే దణ్ణంలో ఎలా ఇమిడిపోతాయో నేను చూసింది అక్కడే, మీ గేమ్‌లో దేవుడు పూర్తిగా చెడ్డవాడే అయినా ఆయన ముందు నిలబడే మనిషి మాత్రం ఇలాగే నిలబడతాడు. మా అమ్మమ్మ అమ్మవారికి అంబలి పోయించేటప్పుడు ఏం మొక్కుకున్నావ్ అని అడిగితే "చల్లగా చూసి దాటిపొమ్మన్నా" అనేది. చల్లగా చూడు, దాటిపో. రెండూ ఒకే ఊపిరిలో.

నా మొదటి క్యాంపెయిన్‌లో (అంటే వారాల తరబడి సాగే ఒకే కథ) ఇదంతా వదిలేసి మీలాగే నల్ల అంగీలు పెట్టాను. ఫర్గాటెన్ రియల్మ్స్ అని ఈ ఆటకి తయారుగా దొరికే ప్రపంచంలోనే ఆడేవాళ్ళం అప్పుడు. నిజానికి ఆ సెట్టింగ్ రాసినవాళ్ళు ఈ విషయం బాగానే పట్టుకున్నారు, నేనే సరిగ్గా చదవలేదు. అందులో సముద్రానికి అంబర్లీ అనే క్రూరమైన దేవత ఉంటుంది, ఆవిడ మీద ప్రేమతో మొక్కేవాళ్ళు అరుదు, కానీ ఓడ ఎక్కే ప్రతివాడూ ఒక నాణెమో రత్నమో నీళ్ళల్లో పడేస్తాడు. బెషాబా అని దురదృష్టానికి దేవత, పెళ్ళిళ్ళలో పట్టాభిషేకాల్లో ఆవిడ పేరు కూడా తలుచుకుంటారు, పిలవకపోతే అలిగి మరీ వస్తుందని. మన జ్యేష్ఠాదేవి గుర్తొస్తుంది కదా, లక్ష్మీదేవికి అక్క, మా ఊళ్ళో ఎవడికైనా ఏదీ కలిసిరాకపోతే "వాడి నెత్తిన పెద్దమ్మ కూర్చుంది" అంటారు. తిట్టులో కూడా అమ్మ అనే అంటారు చూడండి. పంటల దేవత చాంటియాకి దణ్ణం పెట్టి విత్తనం వేసే రైతే, ఆకాశం నల్లబడగానే తుఫానుల దేవుడు టాలోస్‌కి ఏదో ఒకటి సమర్పించుకుంటాడు, వాడేమీ మతం మారలేదు.

ఇంకొకటి మీరు తప్పకుండా చూడాల్సింది, 2020లో వచ్చిన ఐస్‌విండ్ డేల్ అడ్వెంచర్. ఆరిల్ అనే చలి దేవత ఆ ప్రాంతానికి ఎండే లేకుండా చేస్తుంది, అక్కడి పది ఊళ్ళు అమావాస్య రాత్రుళ్ళు ఆవిడకి బలులు ఇస్తాయి. పెద్ద ఊళ్ళు చీటీ తీసి మనిషిని ఇస్తాయి, కొన్ని ఊళ్ళు తిండి ఇస్తాయి, కొన్ని ఊళ్ళు వెచ్చదనం ఇస్తాయి, అంటే ఆ రాత్రి ఏ ఇంట్లోనూ నిప్పు వెలిగించరు. చాలామంది డీఎంలు చీటీ దగ్గరే ఆగిపోతారు, అదే భయంకరంగా ఉంటుంది కాబట్టి. నాకైతే నిప్పు లేని రాత్రే గట్టిది అనిపిస్తుంది. ముసలమ్మ, పసిపిల్ల, తాగుబోతు అందరూ కలిసి తలా కాస్త వణుకుతారు, పక్కింటి పొగగొట్టం వంక చూస్తూ ఉంటారు, ఎవరైనా దొంగతనంగా నిప్పు రాజేశారేమో అని. ఒక ఊరు దేవుడికి భయపడటం అంటే ఒకళ్ళ మీద ఒకళ్ళు కన్నేసి ఉండటమే, మీ సెషన్‌కి కావాల్సిన గొడవంతా ఆ చూపులోనే దొరుకుతుంది.

పేరు గురించి. మీరు మీ దేవుడికి మంచి గంభీరమైన పేరు పెట్టారు, ఊళ్ళో అందరూ ఆ పేరే అంటున్నారు, అక్కడే నాకు నమ్మకం పోయింది. ఎవరూ అనరు. మన భాషే చూడండి, మా ఊళ్ళో పాము కరిచింది అనరు, పురుగు ముట్టింది అంటారు. దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. వెళ్తున్నా అని ఎవరింట్లోంచీ బయల్దేరం, వెళ్ళొస్తా అంటాం. గ్రీకులు కూడా పాతాళ దేవుడి అసలు పేరు పలకడానికి జంకి ప్లూటోన్ అనేవాళ్ళు, అంటే సంపద ఇచ్చేవాడు అని, పగ తీర్చుకునే దేవతల్ని యూమెనిడీస్, దయగలవాళ్ళు, అనేవాళ్ళు. పొటోసి వాళ్ళు మామ అన్నట్టు. నా రెండో క్యాంపెయిన్‌లో నేను దేవుడికి పేరు పెట్టనేలేదు, ఊళ్ళోవాళ్ళు "కిందాయన" అంటారు అంతే, పాతకాలం ఆడవాళ్ళు మొగుణ్ణి ఆయన అన్నట్టు. ఊరికి ప్లేయర్లు వచ్చిన మొదటి గంటలో ఒక చిన్న పిల్లతో చెప్పించాను, ఇక్కడ "పడిపోయింది" అనకూడదు, "కూర్చుంది" అనాలి, "ఆకలేస్తోంది" అని చీకటి పడ్డాక అస్సలు అనకూడదు అని. మూడు సెషన్ల తర్వాత మా బార్బేరియన్ ఆడే అబ్బాయి టేబుల్ దగ్గర బిర్యానీ ఆర్డర్ చేస్తూ ఆకలేస్తోంది అనబోయి ఆగిపోయాడు, ఆ ఆగడం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. గుడి కట్టి వంద విగ్రహాలు పెట్టినా రానిది ఒక్క మాట మింగించడంతో వచ్చింది.

ఇప్పుడు ఎలా ఇస్తారు అన్నది. ఇది నేను ఎక్కువ ఆలోచించిన భాగం, ఎందుకంటే భయపెట్టే దేవుడికి ఇచ్చే పద్ధతి మామూలు పూజకి దాదాపు తలకిందులుగా ఉంటుంది. మన వేదంలోనే అద్భుతమైన ఉదాహరణ ఉంది, నాలుగు నెలలకోసారి చేసే చాతుర్మాస్య యాగాల్లో సాకమేధం అనేదాని చివర్న త్ర్యంబక హోమం అని రుద్రుడికి చేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పురోడాశాలు, అంటే పిండి రొట్టెలు, చేస్తారు, ఒకటి మాత్రం ఎక్కువ చేస్తారు. ఆ ఎక్కువది ఇంకా పుట్టని బిడ్డల కోసం. నాలుగు దారులు కలిసే చోట హోమం. ఆ ఎక్కువ రొట్టెని ఎలుక తవ్విన మట్టిలో పూడుస్తారు, ఎలుక నీ పశువు స్వామీ, దాన్ని తీసుకో అని. మిగిలినవి బుట్టలో పెట్టి చెట్టుకి వేలాడదీసి, ఇదిగో నీకు దారి బత్తెం, విల్లు ఎక్కుదించుకుని మూజవంతం కొండ అవతలికి వెళ్ళిపో అంటారు. తర్వాత వెనక్కి చూడకుండా వచ్చేసి నీళ్ళు ముట్టుకుంటారు. నమకం రోజూ వింటాం కదా, మొదటి నమస్కారం ఎవరికి? "నమస్తే రుద్ర మన్యవే", ఆయన కోపానికి. తర్వాత బాణానికి, తర్వాత వింటికి, చేతులకి. శివుడంటే ప్రాణం ఇచ్చే భక్తులున్న దేశంలో కూడా ఆ పాత భయం మంత్రంలో అలాగే నిలబడి ఉంది, నాకైతే అది విన్నప్పుడల్లా ఎవరో ఒక తండ్రి పిల్లల్ని వెనక్కి నెట్టి తను ముందుకొచ్చి చేతులు జోడించినట్టు ఉంటుంది.

పుట్టని బిడ్డకి కూడా లెక్కగట్టి రొట్టె పెట్టడం, ఈ ఒక్క వివరం మీ ఊళ్ళో పెట్టండి చాలు. గనివాడి భార్య ఇంట్లో తలలు లెక్కపెట్టి ముద్దలు చేస్తుంటే ఒకటి ఎక్కువుందేమిటి అని ప్లేయర్ అడుగుతాడు, ఆవిడ జవాబు చెప్పదు, కడుపు మీద చెయ్యి పెట్టుకుంటుంది.

మెసొపొటేమియాలో ఇంకో రకం ఉంది. అత్రహాసిస్ అని మూడున్నర వేల ఏళ్ళకి పైబడిన కావ్యం, అందులో జనం ఎక్కువై గోల చేస్తున్నారని పెద్ద దేవుడు తెగులు పంపిస్తాడు. అప్పుడు ఎంకి అనే దేవుడు ఒక ఉపాయం చెప్తాడు, మీ దేవుళ్ళకి మొక్కడం ఆపేయండి, తెగులు దేవుడు నమ్తార్ ఒక్కడి గుమ్మానికే వెళ్ళండి, రొట్టె కాల్చి తీసుకెళ్ళండి, అంత మర్యాద చేస్తే ఆయనకి సిగ్గేసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు అని. అలాగే జరుగుతుంది. దేవుణ్ణి సిగ్గుపడేలా చెయ్యడం! మనిషి దగ్గర బలం లేనప్పుడు మిగిలే ఆయుధం మర్యాదే కదా, మన ఊళ్ళల్లో అప్పులవాడు ఇంటికొస్తే ముందు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చినట్టు.

ఇచ్చింది ఎవరు తింటారు అన్నది కూడా తేల్చుకోండి. మామూలు గుళ్ళో ప్రసాదం ఇంటికి తెచ్చుకుంటాం, ఇలాంటి చోట చాలావరకు తేరు, కాళ్ళు కడుక్కుని వచ్చేస్తారు. శనికి నువ్వుల నూనె పోసొచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. గ్రీకులు అమావాస్యకి కూడలిలో హెకటేకి భోజనం పెట్టేవాళ్ళు, దాన్ని పేదవాళ్ళు వచ్చి తినేసేవాళ్ళని వాళ్ళ నాటకాల్లోనే ఉంది. నేను దీని మీద ఒక పిల్లవాడి పాత్ర అల్లాను, పదేళ్ళవాడు, ఊళ్ళో వాడికి నా అనేవాళ్ళు లేరు, కిందాయనకి పెట్టిన ముద్దలు తినే పెరిగాడు. ఊరు వాణ్ణి ముట్టుకోదు, కొట్టదు కూడా. కిందాయన తిండి తిన్నవాడు కిందాయన మనిషి అయిపోయాడని వాళ్ళ లెక్క, వాడికి మాత్రం ఆకలి తప్ప ఏమీ తెలియదు. మా ప్లేయర్లు ఆ పిల్లవాణ్ణి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక నేను ఇదంతా రాస్తున్నది ముఖ్యంగా ఏ విషయం కోసమో దానికి వస్తా. సాగనంపిన దేవుడు ఎక్కడికి వెళ్తాడు?

మన పల్లెల్లో పాతకాలంలో ఊళ్ళో తెగులొస్తే అమ్మవారిని చిన్న చెక్కబండిలో పెట్టి, పూజలు చేసి, పొలిమేర దాటించి వచ్చేవాళ్ళు. ఊరి చుట్టూ నెత్తురు కలిపిన అన్నం చల్లుతూ పొలి పొలి అని అరుస్తూ తిరిగేవాళ్ళు. ఊరికి గట్టు కట్టినట్టు. బాగానే ఉంది, కానీ మన పొలిమేర అవతల ఉన్నది ఇంకొకడి ఊరే. వాళ్ళు పొద్దున్నే లేచి చూస్తే బండి ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే ధైర్యం ఎవడికుంటుంది? వాళ్ళూ పూజ చేసి తమ పొలిమేర దాటిస్తారు. బెంగళూరులో ఆయుధ పూజ మర్నాడు రోడ్లు చూసుంటారు మీరు, ప్రతి ఆఫీసు ముందూ ప్రతి షాపు ముందూ బూడిద గుమ్మడికాయ పగలగొట్టి కుంకుమ పోసి ఉంటుంది, మా వీధిలో ఒక ఏడాది ఒక డెలివరీ కుర్రాడు ఆ ముక్కల మీద బండి జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దిష్టి తీసినవాళ్ళకి దిష్టి పోయింది. ఆ కుర్రాడికి ఎవరి దిష్టి తగిలినట్టు? నేను ఆ గుమ్మడికాయ కొట్టినవాళ్ళని తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ కొడతాం, ఇప్పుడు గోడ పక్కగా కొట్టి ముక్కలు ఎత్తేస్తున్నాం అంతే. కానీ ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, అందులోంచే నా మంచి క్యాంపెయిన్ పుట్టింది.

కొండ మీద ఊరు తెగులు దేవుణ్ణి బండిలో పెట్టి కిందూరి పొలిమేరలో వదిలేస్తుంది. కిందూరు ఇంకో ఊరికి. ప్లేయర్లు ఎవడో మంత్రగాడు తెగులు పంపిస్తున్నాడు అనుకుని ఊరూరా వెతుక్కుంటూ వెళ్తారు, వెళ్ళిన ప్రతిచోటా మంచివాళ్ళే, భోజనం పెట్టేవాళ్ళే, పిల్లలు పోయి ఏడుస్తున్నవాళ్ళే. ఆరు సెషన్లు పట్టింది చివరికి చేరడానికి. చివర సముద్రం ఒడ్డున ఒక తండా, వాళ్ళకి అవతల ఊరు లేదు, నెట్టడానికి పొలిమేర లేదు. అక్కడ పద్నాలుగు బళ్ళు వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కో బండి ముందు ఒక్కో దీపం. తండావాళ్ళు తిన్నా తినకపోయినా రోజూ పద్నాలుగు దీపాలకీ నూనె పోస్తారు. మా పలడిన్, అంటే ధర్మం కోసం పోరాడే యోధుడి పాత్ర, ఆడే అమ్మాయి డైస్ పక్కన పెట్టేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇందులో నేను ఎవర్ని కొట్టాలి" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదనే అలా రాశాను.

మీ కల్ట్ పుట్టాల్సింది కూడా అక్కడే అని నా అభిప్రాయం. ఆ తండాలో ఒకడికి ముగ్గురు పిల్లలూ పోయాక, ఒక రాత్రి బండి ముందు కూర్చుని దేవుడితో "నిన్ను అందరూ పొమ్మన్నారు, నేనొక్కణ్ణే దీపం పెట్టాను, నా మాట విను, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళు" అంటాడు. అంతే, మొదటిసారి ఒక మనిషి ఆ దేవుణ్ణి పొమ్మనకుండా పని చెప్పాడు. వాడికి నల్ల అంగీ అక్కర్లేదు. వాడు చెప్పేది విని తల ఊపే మనుషులు ఆ దారి పొడుగునా ఉన్నారు.

పూజారి సంగతి కొంచెం చెప్పి ఆపేస్తా. భయపెట్టే దేవుడి దగ్గరికి అందరూ వెళ్ళరు, కొందర్ని పంపిస్తారు. మన పల్లెల్లో ఉగ్రమైన అమ్మవార్ల జాతరల్లో పొలి గంప మొయ్యడం, బలి దగ్గర నిలబడటం లాంటి పనులు ఎవరి మీద పెట్టారో, ఆ తర్వాత ఏడాదంతా వాళ్ళనే ఊరి బయట ఎలా ఉంచారో తెలిసిందే, ఆ అన్యాయం గురించి మెత్తగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అదే సమయంలో అమ్మవారి ముందు నిలబడి ఆవిణ్ణే తిడుతూ పాడే హక్కు కూడా జాతరలో పాడే ఆసాదులు అనేవాళ్ళకే ఉంది, ఊరిపెద్దకి లేదు. మీ గనుల ఊళ్ళో కిందాయనకి ముద్ద తీసుకెళ్ళే కుటుంబం ఒకటి ఉండాలి, వాళ్ళకి గని వాటాలో కాస్త వెండి వస్తుంది, వాళ్ళ బావిలో ఎవరూ నీళ్ళు తోడరు, వాళ్ళ పిల్లని ఎవరూ చేసుకోరు, కానీ గని కూలిన రాత్రి ఊరంతా వాళ్ళ గుమ్మం ముందే నిలబడుతుంది. ఆ ఇంటి కూతురు ఇంక నేను వెళ్ళను అంటే ఏమవుతుంది? మీకు ఒక ఏడాదికి సరిపడా గేమ్ అందులోనే ఉంది.

ఇంకొక్కటి, తెగులు పోయినా దేవుడు పోడు. బెంగళూరుకి 1898లో ప్లేగు వచ్చింది, ఇళ్ళు వదిలి జనం పారిపోయారు, మల్లేశ్వరం బసవనగుడి లాంటి పేటలు పెరిగింది ఆ దెబ్బ తర్వాతే. ప్లేగు పోయి తరాలైంది, ప్లేగు మారమ్మ గుళ్ళు మాత్రం ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి, దీపం వెలుగుతూనే ఉంది. మశూచి ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు, మా పోలేరమ్మ జాతర ఏటా ఇంకా పెద్దదవుతోంది. మీ కిందాయన వందేళ్ళుగా ఏమీ చెయ్యకపోయినా సరే ముద్దలు ఆగవు.

సరే, మీ ప్లేయర్ అడిగిన కల్లు ఆవిడ. రేపు పొద్దున లేచి కుండ కడుగుతుంది, మొదటి ముంత కల్లు పెరటి గుమ్మంలోంచి గని వైపుకి పారబోస్తుంది, పోసేటప్పుడు అటు చూడదు, నోటితో ఏమీ అనదు, పోసి చెయ్యి కడుక్కుంటుంది. సాయంత్రం పనివాళ్ళు వస్తే "వచ్చావా" అనదు, "పైకొచ్చావా" అంటుంది. ప్రతివాడికీ వాడి ముంత ఉంటుంది గోడకి. ఎవడైనా ఆ రోజు పైకి రాకపోతే వాడి ముంత బోర్లించి పెడుతుంది, మూడు రాత్రులు దాన్ని ఎవరూ కదపరు, వాడి పెళ్ళాం వచ్చి ఆ ముంత వంక చూసి మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. నాలుగో రాత్రి కల్లు ఆవిడ ఆ ముంత తీసి, కడిగి, ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి అందులో కల్లు పోసి ఇస్తుంది. మీ తర్వాతి సెషన్ అక్కడ మొదలుపెట్టండి, ఆ ముంత మీ ప్లేయర్ చేతిలో పెట్టి.